తట్టని చూపు

రైతుబజార్లో బెండకాయలు ఏరుతూండగా హైమావతి ఎడమ చెంపమీద ఎవరో వేలితో మెల్లగా తట్టినట్టయింది. తలెత్తకుండానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. ఎడమవైపు నుంచి ఎవరో తన ముఖంలోకి కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇంకో రెండు కాయల చివర్లు విరిచి చూసుకుని, లేతవి సంచిలో వేసుకుని, అప్పుడు తీరిగ్గా అటు తిరిగింది. ఉల్లిపాయల బస్తా పక్కనున్న పెద్దమనిషి చటుక్కున ఆకాశంలోకి చూశాడు, ఉల్లి ధర అక్కడెక్కడో రాసున్నట్టు.

"చూడ్డం అయిపోయిందాండి? ఇటుపక్క కూడా ఉందండి, చూస్తారా?" అంది హైమావతి, రెండో చెంప తిప్పి.

పెద్దమనిషి బేరం మధ్యలో వదిలేసి జనంలో కలిసిపోయాడు. బెండకాయలమ్మే ఆవిడ కిసుక్కున నవ్వి, తూకంలో నాలుగు కాయలు ఎక్కువే వేసింది.

ఇదే హైమావతి కొద్దినెలల కిందట వీధి గుమ్మం దాటాలంటే ఏడ్చేది. కాకినాడ జగన్నాథపురంలో వాళ్ళకో చిన్న మిఠాయి కొట్టుంది. ముందు తూకం, గల్లా భర్త వీర్రాజువి. వెనక పొయ్యిలు, కాజాల పాకం ఆమెవి. ఉగాది ముందు ఒకరోజు పాకం బాండీ దించుతూంటే చేతిలో మసిగుడ్డ జారింది. మరుగుతున్న పాకం ఎడమ చెంపనుంచి మెడదాకా పడింది. నీళ్ళయితే జారిపోతాయి, పాకం అలా పోయేది కాదు, పట్టుకుని కూర్చుంటుంది. పుళ్ళు మానాయి గానీ మచ్చలు గట్టిపడి పెదవిని పక్కకు లాగసాగాయి. అవి అణగాలంటే ముఖానికి బిగుతుగా అతుక్కునే ప్లాస్టిక్ మాస్కు ఏడాదిపాటు పెట్టుకోవాలన్నారు. తిండికీ స్నానానికీ తప్ప తియ్యకూడదన్నారు.

ఆ మాస్కు గాజులా ఉంటుంది. లోపల అణిగిన చర్మం, కాలిన రంగు, అన్నీ బయటికి కనిపిస్తాయి. కరోనా రోజుల్లో ఊరు ఊరంతా మూతులు కట్టుకు తిరిగితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఒక్క ఆడమనిషి మాస్కు పెట్టుకునేసరికి ఊరందరికీ కళ్ళొచ్చాయి. పిల్లలు వెంటబడి చూసేవాళ్ళు. పెద్దవాళ్ళు చూడనట్టు నటిస్తూ చూసేవాళ్ళు. మందుల షాపులో ఒకావిడైతే దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "మీ ఆయనేనామ్మా పోసింది?" అని అడిగింది. కాదంటే నమ్మలేదు. "పాపం, చెప్పుకోలేవులే" అని జాలిపడి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతే హైమావతి ఇల్లు కదలడం మానేసింది. అప్పుడు దొరికింది డాక్టర్ మృణాళిని.

ఆసుపత్రి వెనక కొత్తగా కట్టిన ప్రయోగశాల ఆవిడది. కాలిన ముఖాలతో బతికే మనుషుల మనసు గురించి ఆవిడ చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. హైమావతి మాస్కు తీసుకుని, దాని మీద ఉల్లిపొరలాంటి సన్నటి పొర అతికించింది. "ఈ పొర కంటికి కనపడని వెలుతురు చిమ్ముతుందమ్మా. ఎవరైనా సూటిగా నీ ముఖంలోకి చూస్తే ఆ వెలుతురు వాళ్ళ కంటి లోపల తగిలి, చీకట్లో పిల్లి కళ్ళు మెరిసినట్టు మెరిసి, వెనక్కొస్తుంది. పొర దాన్ని పట్టుకుని ఆ వైపు చెంపమీద తడుతుంది. రెప్పపాటు చూసి తిప్పుకుంటే తట్టదు. నిలిపి చూస్తేనే తడుతుంది. ఏ కన్ను ఎప్పుడు తట్టిందో ఇక్కడ మా తెర మీద కూడా పడుతుంది" అని చెప్పింది.

"ఎందుకండి? చూస్తున్నారని నాకు తెలుసు కదండి" అంది హైమావతి.

"అందరూ చూస్తున్నారనుకుంటున్నావు. అందరూ కాదని నీకు తెలియాలి. మందికి భయపడతాం గానీ మనిషికి భయపడం" అంది డాక్టరు. ఇంజనీరు రెహానా, పాతికేళ్ళ పిల్ల, మాస్కు పట్టీలు సర్దింది. వీర్రాజు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి అన్నీ విన్నాడు.

డాక్టరు మాట నిజమైంది. మొదటిరోజు మెయిన్ రోడ్డంతా నడిచివస్తే, బట్టల షాపు మొత్తం తననే చూస్తోందనుకున్నచోట చెంప ఒక్కసారి కూడా తట్టలేదు. ఎవరి బేరం వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది. తట్టినచోట తిరిగి చూస్తే పిల్లో, ముసలమ్మో, పనిలేని మగాడో ఉండేవాడు. పిల్లలకైతే నాలుక చాపి చూపించేది, వాళ్ళు నవ్వి పారిపోయేవాళ్ళు. నెల తిరిగేసరికి హైమావతికి బజారంటే భయం పోయి సరదా పట్టుకుంది. ఆమె నడకలో వచ్చిన తేడా చూసి డాక్టరు మురిసిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. హైమావతి రచ్చ గెలిచాకే ఇంటి సంగతి గమనించింది.

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు. అత్తగారు సూరమ్మ చూపు గురించి దిగులు లేదు. శుక్లాల కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చుకుని రోజంతా కోడలి ముఖాన్నే చూసేది, చెంప రోజంతా తట్టేది. మంగళవారాలు, ఆదివారాలు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పెట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటోళ్ళ దిష్టి, దారినపోయేవాళ్ళ దిష్టి" అంటూ తిప్పేది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్దే అమ్మాయ్. నీ మొగమెంత!" అనేది. తిప్పినంతసేపూ ఆమె చూపు పొర మీద పడి టకటకా తడుతూనే ఉండేది. దిష్టి తీసే మనిషే అంత దిష్టి పెడుతోందని హైమావతి లోలోపల నవ్వుకునేది.

నవ్వు ఒక ఉదయం ఆగిపోయింది. వీర్రాజు ఎదురుగా మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. శనగపిండి ధర పెరిగిందనీ, పనికి ఇంకో మనిషిని పెట్టాలనీ చెబుతున్నాడు. చాలాసేపు చెప్పాడు. అంతసేపూ చెంప నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. హైమావతి అప్పుడు గుర్తుచేసుకుంది. నిన్న? మొన్న? ఆ పొర అతికించిన నాటినుంచి భర్త చూపు ఒక్కసారి కూడా తట్టిన జ్ఞాపకం లేదు.

మొదట పొరనే అనుమానించింది. అటువైపు పాడైందేమో అనుకుని అత్తగారిని అతని పక్కనే కూర్చోబెట్టింది. అత్తగారి చూపు తట్టింది. అతని చూపు తట్టలేదు. "ఏవండీ, ఇటు చూడండి" అంది. "చూస్తానే ఉన్నాను కదే" అన్నాడు వీర్రాజు. చెంప మాత్రం కదల్లేదు.

ఆ మర్నాడు బీరువాలోంచి వంగపూవు రంగు చీర తీసి కట్టుకుంది. కొట్టుకు బయల్దేరుతున్న భర్తకు అడ్డంగా నిలబడి, "ఎలా ఉందండి?" అంది.

"బ్రహ్మాండంగా ఉందే" అన్నాడతను చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"ఏం రంగు?"

వీర్రాజు చెప్పుల వంక చూస్తూనే కాసేపు తడుముకున్నాడు. "ఆకుపచ్చే కదా" అన్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అది ఒకసారి ఇంట్లోకొస్తే పాత సామాన్లన్నీ బయటికి లాగుతుంది. ఆమె భోజనానికి మాస్కు తియ్యగానే అతనికి కొట్లో పని గుర్తొచ్చేది. ఎప్పటినుంచి? పడుకునేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. అదెప్పటినుంచి? ఆసుపత్రిలో కట్లు విప్పిన రోజు మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు, చీటీలో మందులన్నీ అప్పటికే కొనేసున్నా. అప్పుడు మగాడికి రక్తం చూస్తే భయమనుకుంది. ఎంత పిచ్చిది!

బజారంతా తనని చూస్తే ఏడ్చింది. కట్టుకున్నవాడు చూడకపోతే ఏడుపు కూడా రాలేదు. ఊళ్ళోవాళ్ళు వింతగా చూశారు, అంతే. ఇతను వింతగా కూడా చూడటంలేదు. అసహ్యం అంటే ఇదే కాబోలు అనుకుంది. ఇరవయ్యేళ్ళ కాపరం ఒక చెంపతో కాలిపోయిందా అని అడగాలనిపించింది. అడిగితే "అదేం లేదే" అంటాడు, చెప్పుల వంక చూస్తూ. మనిషి మాట నమ్మడానికి ఆమె దగ్గర ఇప్పుడు అడ్డు ఒకటుంది. నోరు అబద్ధమాడినా చెంప ఆడదు.

రెహానాకు ఫోన్ చేసింది. "పొర బాగానే పనిచేస్తోందా అమ్మా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. ఇక్కడ తెర మీద రోజూ చూస్తున్నాం కదా" అంది రెహానా. తర్వాత కొంచెం ఆగి, "ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ?" అంది.

ఆ ఆగడం హైమావతికి నచ్చలేదు. వీళ్ళకీ తెలుసు అనుకుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో, ఎవరు చూడటంలేదో అక్కడ తెర మీద కనిపిస్తూనే ఉంది. తెలిసీ తనకి చెప్పకుండా తమాషా చూస్తున్నారు. ఆ రోజునుంచి ఆమెకు చుట్టూ ఉన్నవాళ్ళలో నమ్మదగ్గవాళ్ళెవరూ కనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం వీర్రాజు తెల్లచొక్కా వేసుకుని, "పిఠాపురం ఎల్లొస్తానే, నెయ్యి చూడాలి" అని చెప్పి వెళ్ళాడు. అతనటు వెళ్ళిన కాసేపటికే పిఠాపురంనుంచి నెయ్యి తెచ్చి వేసే సూరిబాబు సైకిలు మీద గుమ్మంలో దిగాడు.

"వీర్రాజుగారు లేరాండి? ఈ వారం నెయ్యి వద్దన్నారు కదాండి, పై వారానికైనా కావాలేమోనని అడుగుదామని వచ్చేనండి."

"మీ దగ్గరికే వచ్చారు కదండి, పిఠాపురం!"

"లేదండి బాబూ. ఇప్పుడే ఆసుపత్రి వీధిలో కనపడ్డారండి. పిలిచేను గానీ, వినిపించుకోలేదండి. గబగబా ఎల్లిపోయారు."

హైమావతి చెప్పులు వేసుకుంది. "ఎక్కడికే ఎండలో?" అని అత్తగారు అరుస్తున్నా ఆగలేదు. షేర్ ఆటోలో జనం చూశారు, చెంప తట్టింది. ఈసారి ఎవరికీ జవాబు చెప్పలేదు, నాలుక చాపలేదు. ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. ఆసుపత్రిలో ఎవరున్నారు? తను రెండు నెలలు అక్కడ పడున్నప్పుడు అన్నం తెచ్చే వంకన అతను ఎవరితో పరిచయం పెంచుకున్నాడు?

వార్డుల్లో ఎక్కడా కనపడక, వెనక ప్రయోగశాల వరండాలోకి వచ్చేసరికి అతని గొంతు వినిపించింది. రెహానా గది తలుపు ఓరగా తెరిచి ఉంది. హైమావతి సందులోంచి చూసింది. వీర్రాజు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అతని ముఖానికి అచ్చం తన మాస్కులాంటి మాస్కే ఉంది. ఎదురుగా, జానెడు దూరంలో, రెహానా అతని ముఖంలోకి కళ్ళార్పకుండా చూస్తోంది.

హైమావతి తలుపు పట్టుకుంది. లోపలికి దూకి ఇద్దరి జుట్లూ పట్టుకుందామనుకుంది. ఇంతలో వీర్రాజు అన్నాడు.

"ఇంకాసేపు చూడమ్మా. ఆఁ... తట్టింది. ఇంతే తట్టుద్దా మా ఆవిడకి?"

"ఇంతే అండీ. నొప్పేమీ ఉండదు. చూశారుగా."

"నాది బాగున్న చర్మం కదమ్మా. దీనిమీదే ఇంత తెలిస్తే, ఆ కాలిన చర్మం మీద ఎంత ఉంటుందో!" అని మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీకు పుణ్యముంటాది, ఆ తట్టేది తీసెయ్యండమ్మా. డాక్టరమ్మకి నువ్వు చెప్పు. నేను చెప్పేనని మాత్రం మా ఆవిడకి తెలీకూడదు."

హైమావతి తలుపు తోసింది.

"తీసేయిస్తారా? అది పోతే మీరు ఎటు చూసినా నాకు తెలీదు. అదేగా మీక్కావలసింది?" అంది. "నా మొహం చూళ్ళేకపోతే చూళ్ళేనని చెప్పండి. నెయ్యని అబద్ధాలెందుకు? ఈ పొర అతికించిన కాడ్నించి మీరు నావంక ఒక్కసారి చూస్తే ఒట్టు!"

వీర్రాజు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు కూడా ఆమె వైపు చూడలేదు. కిటికీ ఊచల్ని చూస్తూ, "చూళ్ళేదు" అన్నాడు. "అంతకుముందూ చూళ్ళేదే. చూడకూడదనే చూళ్ళేదు."

"ఎందుకని?"

రెహానా బయటికి వెళ్ళబోయింది. హైమావతే ఆగమంది. సాక్షి ఉండాలనుకుంది.

"ఆ రోజు కొట్లోంచి డబ్బాల కోసం వెనక్కొచ్చాను హైమా" అన్నాడు వీర్రాజు. "నువ్వు పాకం తీగ వచ్చిందో లేదో వేళ్ళతో చూసుకుంటన్నావు. కనకాంబరాలు పెట్టుకున్నావు. చెమట పట్టి మొగమంతా మెరిసిపోతాంది. పెళ్ళయిన కాడ్నించి చూస్తన్న మనిషివే, ఆ రోజెందుకో గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. రెప్ప కూడా ఎయ్యలేదు. ఇంత బాగుంటదా మా ఆవిడ అనుకున్నాను. నేనలా చూస్తూండగానే నువ్వు బాండీ దించబోయావు, నీ చెయ్యి జారింది."

చేతిలోని మాస్కును కుర్చీలో పెట్టాడు.

"పరాయోళ్ళ దిష్టికన్నా ఇంటోళ్ళ దిష్టి ముందు తగులుద్దని అమ్మ ఎప్పుడూ అంటానే ఉండేది. చాదస్తమనుకునేవాణ్ణి. మరి ఈ డాక్టరమ్మ మిషను పెట్టి చూపించింది కదే! చూసినప్పుడల్లా నీ చెంపమీద దెబ్బ పడుద్దంట. చదువుకున్నోళ్ళే ఒప్పుకున్నాక కాదనడానికి నేనెంతటోణ్ణి? ఊళ్ళోవాళ్ళ చూపులు ఆపడం నా వల్ల కాదు. నాదొక్కటి ఆపుకుంటే నీకు ఒక దెబ్బయినా తగ్గుద్ది కదా అనుకున్నాను."

రెహానా ముందుకొచ్చింది. "అది దెబ్బ కాదండీ, గుర్తు" అని ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తర్వాత తనలో తను అనుకున్నట్టుగా, "చూసేవాళ్ళని పట్టుకోవాలనే ఆలోచించాం. చూడనివాళ్ళు ఉంటారని మాకు తట్టలేదు. ఇంట్లో సాయంత్రాలు ఒక్కరి చూపే వస్తోందని తెర మీద కనిపించింది. అడగాలో వద్దో తెలియలేదు" అంది.

హైమావతి కుర్చీలో కూలబడింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నాళ్ళూ ఆమె చెంప అబద్ధమాడలేదు. అతను చూడటంలేదన్నది నిజమే. ఆ నిజం పట్టుకుని ఆమె అల్లుకున్నదంతా అబద్ధం. ఎందుకు చూడటంలేదో చెప్పడం పొరకి చేతకాని పని. ఎలా అడగాలో తనకి చేతకాలేదు.

మెడవెనక పట్టీలు విప్పి మాస్కు తీసి రెహానా చేతిలో పెట్టింది. "ఈ తట్టేది తీసెయ్యమ్మా" అంది.

"డాక్టర్ గారు ఒప్పుకోరేమో. మీ మీద పనిచేసినంత బాగా ఇంకెవరి మీదా..."

"బాగా పనిచేసింది గనకే తియ్యమంటున్నాను."

"మళ్ళీ బజార్లో అందరూ చూస్తున్నట్టే అనిపిస్తే?"

"అనిపిస్తే అనిపిస్తుంది. అక్కడ నేను చూసుకుంటాను."

రెహానా చిన్న కత్తి మొనతో పొర అంచు లేపడం మొదలుపెట్టింది. మాస్కు లేని హైమావతి ముఖం గదిలో బోసిగా ఉంది. వీర్రాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు తిరగండి" అంది ఆమె.

"వద్దు హైమా."

"ఆ రోజు మీరు గుమ్మంలో ఉన్నట్టే నాకు తెలీదు. పొద్దున్నించీ ఆ బాండీ చెవి ఒకటి ఊగుతానే ఉంది. దించేటప్పుడు వంగిపోయింది. మసిగుడ్డ జారింది. మీరు చూసినా, చూడకపోయినా జారేదే."

వీర్రాజు భుజాలు కదిలాయి. "నిజంగానా?"

"ఒట్టు."

"ఎవరి మీద?"

ఆమె చెప్పింది అబద్ధం. బాండీ చెవి రాయిలా ఉంది, ఊగనూ లేదు, వంగనూ లేదు. అతను గుమ్మంలోకి వచ్చిన క్షణమే ఆమెకు తెలిసింది. తల ఎత్తకుండానే, ఏ పొరా లేకుండానే, చెంపమీద ఎండ పడ్డట్టు తెలిసింది. ఇంత వయసొచ్చాక ఆ చూపేమిటని సిగ్గేసి, ఆ చూపు ఎలా ఉందో చూద్దామని బాండీ దించుతూనే అటు తిరగబోయింది. అప్పుడు జారింది మసిగుడ్డ. దొంగ ఒట్టు ఎవరి మీద వేస్తే కీడు వాళ్ళకంటారు. హైమావతి కుడిచెయ్యెత్తి తన నెత్తిమీదే పెట్టుకుంది.

"నా మీద ఒట్టండి" అంది.

వీర్రాజు మెల్లగా వెనక్కి తిరిగాడు. ముందు ఆమె చీర కుచ్చెళ్ళు చూశాడు, తర్వాత చెయ్యి చూశాడు, మెడ చూశాడు. చూపు మెడదగ్గర ఆగి కాసేపు పైకి రాలేకపోయింది. తర్వాత వచ్చింది. రెహానా చేతిలో పొర ఊడిన చప్పుడు కూడా ఇద్దరూ వినలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు షేర్ ఆటోలో ఎదురెదురుగా కూర్చున్నారు. హైమావతి ముఖానికి మాస్కుంది, అది ఇప్పుడు వట్టి ప్లాస్టిక్కే. ఎక్కినవాళ్ళంతా మామూలుగానే ఆమెను చూశారు. ఎందరు చూశారో, ఎంతసేపు చూశారో ఆమెకు తెలియలేదు. గుండె పాతరోజుల్లోలాగే దడదడలాడింది. కొంగు ముఖంమీదికి లాక్కుందామని చెయ్యెత్తి, మళ్ళీ దించుకుంది.

రెండు సందులు దాటేసరికి ఆటోలో చూపులు మారాయి. వీర్రాజు పక్కన చేపల బుట్టతో కూర్చున్నావిడ మాస్కును వదిలేసి అతన్ని ఎగాదిగా చూడటం మొదలుపెట్టింది. తర్వాత డ్రైవరు కూడా అద్దంలోంచి అతన్నే చూశాడు. నెరిసిన మీసాల మనిషి ఎదురుగా ఉన్న ఆడమనిషిని అంతలా కళ్ళప్పగించి చూస్తూంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

"ఏవయ్యోయ్, మతుండే చూస్తన్నావా? పాపం ఆయమ్మ కాలిపోయి ఉంటే ఏటా చూపు?" అంది చేపలావిడ గట్టిగా.

ఆటో అంతా అతనివైపు తిరిగింది. వీర్రాజు చెవులదాకా ఎర్రబడ్డాడు. కానీ కళ్ళు తిప్పుకోలేదు.

"నువ్వుండవే అమ్మా" అంది హైమావతి. "చాన్నాళ్ళకి చూస్తన్నాడు. చూడనీ."